గుంటూరు గ్రహణం, ఆక్లాండ్ అమావాస్య

ఫ్లాట్ బుష్‌లో దేవుళ్ళకు కొరత లేదు. స్టాన్‌కూంబ్ రోడ్డులో 2007లో తెరిచిన ఫో గ్వాంగ్ షాన్ బౌద్ధాలయం ఉంది. ఆదివారం పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళే సమోవన్, టోంగన్ కుటుంబాలు ఎదురవుతాయి. ఇక మన తెలుగువాళ్ళ ఇళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. గ్యారేజీలో కారుకు చోటు లేకపోయినా ఇంట్లో పూజకు ఒక అలమర మాత్రం తప్పకుండా ఉంటుంది. సోమవారం పొద్దున అవే ఇళ్ళలోంచి సాఫ్ట్‌వేరు వాళ్ళం, నర్సులు, ఫార్మసిస్టులు, ఇంజనీర్లు బయలుదేరతాం. శనివారం సత్యనారాయణ వ్రతం, సోమవారం సర్వర్ మైగ్రేషన్. ఇందులో మనకేమీ ఇబ్బంది కనిపించదు. ఇబ్బందల్లా పిల్లలు ప్రశ్న వేసినప్పుడే.

మా అబ్బాయికి పదకొండేళ్ళు. ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, బిగ్ బ్యాంగ్ నిజమా, బ్రహ్మ నిజమా?" అన్నాడు. ఇలాంటి ప్రశ్నకు మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. మొదటిది విందు భోజనాల దగ్గర వినిపిస్తుంది: "సైన్సంతా మన ఋషులు ఎప్పుడో చెప్పేశారు, తెల్లవాళ్ళు ఎత్తుకుపోయారు." రెండోది పిల్లలు కంప్యూటర్ తెర మీద నేర్చుకునేది: "మతం ఎప్పుడూ సైన్సుకు అడ్డమే, గెలీలియోను ఏం చేశారో చూడు." నాకు ఈ రెండూ నచ్చవు. మొదటిది నమ్మిన పిల్లవాడికి కొత్తగా కనుక్కోవడానికి ఏమీ మిగలదు. రెండోది నమ్మినవాడు నాయనమ్మను చూసి సిగ్గుపడతాడు. రెండిట్లో ఏది చెప్పినా ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. కంప్యూటర్లలో మాస్టర్స్ చేసి కన్సల్టెంటుగా బతుకుతున్నవాణ్ణి. అయితే మాది గుంటూరు జిల్లా. ఈ విషయంలో గుంటూరుకు ఒక కథ ఉంది. మా అబ్బాయికి చెప్పిన కథే ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను.

శ్రావణ అమావాస్య నాటి నీడ

1868 ఆగస్టు 18, మంగళవారం, శ్రావణ అమావాస్య. ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కన్ మీదుగా సాగి వనపర్తి, గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలోకి దిగింది. ఆ నీడ పడే చోటు వెతుక్కుంటూ జూల్స్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్యారిస్ నుంచి గుంటూరు వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగాడు. ఇంగ్లీషువాళ్ళ తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో కాచుకున్నాడు.

వీళ్ళందరి చేతిలో ఉన్న కొత్త ఆయుధం స్పెక్ట్రోస్కోపు, అంటే కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం. పిల్లలూ, అమ్మ వంట చేస్తుంటే గ్యాసు మంట మీద ఉప్పు పడితే ఏమవుతుందో చూశారా? మంట ఒక్కసారి పసుపుపచ్చగా మారుతుంది. ఉప్పులోని సోడియం చేసే పని అది. మంటలో మండే ప్రతి మూలకానికీ తనవైన రంగు గీతలు ఉంటాయని 1859-60లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ నిరూపించారు. అంటే దూరాన ఉన్న వెలుగును చూసి అక్కడ ఏముందో చెప్పవచ్చు. మనిషి చేయి ఎన్నటికీ అందని సూర్యుణ్ణి కూడా అలాగే పరీక్షించవచ్చు.

గుంటూరులో చీకటి అయిదు నిమిషాలకు పైగా ఉంది. చంద్రుడు కప్పేసిన సూర్యబింబం అంచున ఎర్రటి జ్వాలలు కనిపించాయి. జాన్సెన్ వాటి వైపు స్పెక్ట్రోస్కోపు తిప్పితే మెరిసే గీతలు కనిపించాయి. ఆ జ్వాలలు మండుతున్న వాయువని, అందులో ఎక్కువ భాగం హైడ్రోజన్ అని తేలిపోయింది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు కదా అని ఆయనకు తట్టింది. మర్నాడు ఆగస్టు 19న మామూలు ఎండలో ప్రయత్నించి చూశాడు. కనిపించాయి. అప్పటిదాకా సూర్యుడి జ్వాలల్ని చూడాలంటే ఏళ్ళ తరబడి గ్రహణం కోసం ఎదురుచూడాలి. ఆ రోజు నుంచి అక్కర్లేకుండా పోయింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా ఆ అక్టోబరులో స్వతంత్రంగా అదే పద్ధతి కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్ అకాడమీకి ఒకే రోజు అందాయంటారు. ఫ్రెంచి ప్రభుత్వం తరవాత ఇద్దరి ముఖాలూ వేసి ఒకే పతకం ముద్రించింది.

"హీలియం మా గుంటూరులో కనిపెట్టారు" అని మనవాళ్ళు చెప్పుకుంటారు. నేనూ చెప్పుకుంటే బాగుండుననుకుంటాను గానీ, లెక్క సరిగ్గా చెప్పాలి. ఆ గ్రహణంలో పాగ్సన్ సహా కొందరు ఒక పసుపు గీతను గుర్తించారు. అది సోడియం గీత కాదు, ఇంతవరకు తెలియని మూలకానిది అని వాదించి, సూర్యుడి గ్రీకు పేరుతో పిలిచినవాడు లాకియర్. 1895లో రామ్సే దాన్ని భూమి మీద ఒక ఖనిజంలో పట్టుకునేదాకా చాలామంది నమ్మలేదు. అంటే ఒకచోట చూశారు, మరోచోట అనుమానించారు, ఇరవై ఏడేళ్ళ తరవాత వేరొకచోట రుజువైంది. సైన్సు చాలాసార్లు ఇలాగే నడుస్తుంది. గుంటూరుకు రావలసిన గౌరవం దీనివల్ల తగ్గదు.

నాకు ఆసక్తి కలిగించేది మరొకటి. అదే ఉదయం ఆ ఊళ్ళో ఆచారం పాటించే ఇళ్ళలో ఏం జరిగి ఉంటుందో మనందరికీ తెలుసు. మన చిన్నప్పుడూ జరిగిందే కదా. పట్టు స్నానం, జపం, ఊరగాయ జాడీల మీద దర్భలు, పొయ్యి వెలిగించకపోవడం, విడుపు స్నానం. మేడ మీద పరికరాలు సర్దుకున్న ఫ్రెంచివాడూ, బావి దగ్గర తడిబట్టలతో నిలుచున్న గృహస్థూ ఆ రోజు ఎదురుచూసింది ఒకే ఘడియ కోసం. ఒకాయనకు ఆ ఘడియను నావికుల పంచాంగం చెప్పింది, రెండో ఆయనకు పురోహితుడి పంచాంగం చెప్పింది. గణితం లేకుండా ఆ రెండూ లేవు.

పాము లేని లెక్క

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పంచాంగకర్త గ్రహణం లెక్క కట్టేటప్పుడు ఆ లెక్కలో పాము ఎక్కడా ఉండదు. భూమి నీడ వెడల్పు, చంద్రబింబం వెడల్పు, సూర్యుడి దారి నుంచి చంద్రుడు ఎంత పక్కకు జరిగాడు, ఇవే ఉంటాయి. రాహుకేతువులంటే చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఒకదాన్నొకటి కోసుకునే రెండు బిందువులు. అవి దాదాపు 18.6 ఏళ్ళకోసారి చుట్టు తిరిగి వస్తాయి. గ్రహణం నీడల వల్ల వస్తుందని ఆర్యభటుడు 499లోనే రాశాడు. వరాహమిహిరుడు కూడా రాహువు శరీరంతో మింగుతాడన్న మాటను తర్కంతో ఖండించాడు.

అయితే 628లో బ్రహ్మగుప్తుడు చేసిన పని చూడండి. అంతటి గణిత మేధావి, ఒకచోట రాహువు లేడనేవాళ్ళను తప్పుపట్టాడు. శాస్త్రాలకూ స్మృతులకూ విరుద్ధమన్నాడు. అదే పుస్తకంలో గ్రహణం లెక్క మాత్రం నీడలతోనే కట్టాడు! నాలుగు వందల ఏళ్ళ తరవాత, 1030 ప్రాంతంలో, మన దేశం గురించి పెద్ద గ్రంథం రాసిన అల్ బెరూనీ దీన్ని పట్టుకున్నాడు. ఇంత తెలిసినవాడు ఇలా ఎందుకన్నాడు, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని భయపడ్డాడా అని ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం బ్రహ్మగుప్తుడు బాగా తెలిసిన మనిషిలాగే అనిపిస్తాడు. మీటింగులో ఒక మాట, కోడులో ఒక లెక్క. మన ఆఫీసుల్లో ఇలాంటివాళ్ళు ఎంతమంది లేరు?

మతం సైన్సుకు పూర్తిగా శత్రువన్నదీ నిలవదు, మిత్రుడన్నదీ పూర్తిగా నిలవదు. ఆచారం "ఎప్పుడు?" అని అడిగింది. ఎప్పుడు తద్దినం, ఎప్పుడు ఏకాదశి, ఎప్పుడు గ్రహణస్నానం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే తరతరాలుగా కొన్ని కుటుంబాలు ఆకాశాన్ని లెక్కపెట్టాయి. ఐరోపాలోనూ ఇదే కథ. ఈస్టర్ అంటే వసంత విషువత్తు తరవాత వచ్చే పున్నమి దాటిన ఆదివారం. చూడండి, అచ్చం మన పండగ లెక్కే. ఆ లెక్క తప్పిపోతోందని పోపు 1582లో క్యాలెండరే మార్చాడు. ఆ ఏడాది అక్టోబరు 4 తరవాతి రోజు అక్టోబరు 15 అయింది. బొలోన్యాలోని సాన్ పెట్రోనియో చర్చి కప్పుకు చిన్న కన్నం పెట్టి, నేల మీద పడే ఎండ చుక్కతో 1655లో కసీనీ సూర్యుడి గమనాన్ని కొలిచాడు. చర్చే నక్షత్రశాల అయిందన్నమాట. అదే చర్చి అంతకు ఇరవై రెండేళ్ళ ముందు, 1633లో, గెలీలియో చేత మోకాళ్ళ మీద తన మాట వెనక్కు తీసుకునేలా చేసింది. లెక్క కావాలి, ఆ లెక్క చెప్పే అర్థం మాత్రం వద్దు. బ్రహ్మగుప్తుడి చిక్కు ఇటలీలోనూ ఉందని తెలిసి నాకు కాస్త ఊరట కలిగింది.

వనపర్తిలో ఒక ఆచారి, విశాఖలో ఒక డిప్యూటీ కలెక్టరు

మళ్ళీ 1868 గ్రహణానికి వద్దాం. ఆ రోజు నిజాం రాజ్యంలోని వనపర్తిలో మద్రాసు నక్షత్రశాల తరఫున గ్రహణాన్ని పరిశీలించినవాడు చింతామణి రఘునాథాచారి. పాగ్సన్ దగ్గర సహాయకుడు, పంచాంగాలు కట్టే వంశంవాడు. అంతకు ముందు ఏడాదే, 1867లో, వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని ఆయన కనిపెట్టాడు. దాన్ని ఇప్పుడు ఆర్ రెటిక్యులీ అంటారు. అది దక్షిణాకాశపు నక్షత్రం. గుంటూరు నుంచి చూస్తే దిగంతం దగ్గరే ఉంటుంది, మనకు ఇక్కడ ఆక్లాండ్‌లో బాగా పైకి వస్తుంది.

రఘునాథాచారి చేసిన అసలు సాహసం నక్షత్రం కాదు, పంచాంగం. పాత సూత్రాలతో కట్టిన తిథులు ఆకాశంలో కనిపించేదానితో కలవడం లేదని టెలిస్కోపు దగ్గర కూర్చునే ఆయనకు రోజూ కనిపించేది. అందుకని దృగ్గణిత పంచాంగం వేశాడు. దృక్ అంటే చూపు, కంటికి కనిపించేదానితో సరిచూసిన గణితం. 1874లో సూర్యుడి మీదుగా శుక్రుడు దాటే సందర్భంలో, ఒక సిద్ధాంతికీ ఖగోళజ్ఞుడికీ మధ్య సంభాషణగా చిన్న పుస్తకం రాసి పలు భారతీయ భాషల్లో ప్రచురించాడు. పంచాంగాన్ని సరిదిద్దుకోవడానికి మనవాళ్ళకు సొంత నక్షత్రశాల ఉండాలని వాదించాడు. 1880లో పోయాడు. ఆయన మతాన్ని వదులుకున్నవాడు కాదు. తద్దినం సరైన తిథికే పెట్టాలి అనుకున్నాడు, అందుకే టెలిస్కోపు కావాలన్నాడు.

ఆయన అడిగిన నక్షత్రశాల లాంటిది విశాఖపట్నంలో అప్పటికే ఒక తెలుగు ఇంట్లో ఉంది. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారీ కుటుంబీకుడు మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దగ్గర చదువుకుని, 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని చేపట్టాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసినవాడు. గ్రహణాలూ, 1874 డిసెంబరు 9 నాటి శుక్రుడి ప్రయాణమూ చూసి లండన్‌కు నివేదికలు పంపాడు. రఘునాథాచారీ ఈయనా ఇద్దరూ 1870ల మొదట్లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోలయ్యారు. విశాఖలో పుట్టిపెరిగిన స్నేహితుల్ని అడిగాను, డాబా గార్డెన్స్ పేరు అందరికీ తెలుసు గానీ జగ్గారావు పేరు ఒక్కరికీ తెలియదు.

పక్క రాష్ట్రం ఒడిశాలోని ఖండపడాలో సామంత చంద్రశేఖర్ (1835-1904) సంగతి ఇంకా విచిత్రం. టెలిస్కోపు లేకుండా వెదురుబద్దలతో చేసుకున్న పరికరాలతో కొలిచి చంద్రగమనానికి కొత్త సవరణలు చేర్చాడు. పూరీ జగన్నాథుడి సేవల వేళలకు ఆయన లెక్కలు వాడారు. దేవుడి గుడికి కావలసి వచ్చిన ఖగోళం అది.

తమాషా ఏమిటంటే, రఘునాథాచారి ఆ చిన్న పుస్తకం వేసిన 1874లోనే అమెరికాలో డ్రేపర్ అనే ఆయన మతానికీ సైన్సుకూ మధ్య యుద్ధ చరిత్ర అంటూ పుస్తకం వేశాడు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. నేటికీ మన పిల్లల చెవిన పడే "యుద్ధం" కథకు అదొక పెద్ద మూలం. ఆచారి పుస్తకం గ్రంథాలయాల్లో మరుగునపడింది.

పాత కోడు, కొత్త ఎర్రర్లు

పాత లెక్కలు ఎందుకు తప్పుతాయి? నాలాంటి కంప్యూటరు వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన మెషిన్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. మన సిద్ధాంతులు కలియుగారంభం నుంచి, అంటే క్రీస్తు పూర్వం 3102 ఫిబ్రవరి నుంచి, రోజులు లెక్కపెట్టారు. ఆ మొత్తాన్ని అహర్గణం అంటారు. ఎంత చక్కని డిజైన్! కానీ సూర్యసిద్ధాంతం పెట్టుకున్న సంవత్సరం అసలు నాక్షత్ర సంవత్సరం కంటే దాదాపు మూడున్నర నిమిషాలు పెద్దది. మూడున్నర నిమిషాలేగా అనిపిస్తుంది. 1500 ఏళ్ళు పోగుపడితే మూడున్నర రోజులు అవుతుంది. చంద్రుడి విషయంలో తేడా ఇంకా త్వరగా తెలుస్తుంది. పాత పద్ధతిలో తిథి కనిష్ఠం 54 ఘడియలు, గరిష్ఠం 65 ఘడియలు, అంటే ఇరవై ఒకటిన్నర నుంచి ఇరవై ఆరు గంటలు. నిజంగా కొలిస్తే దాదాపు 20 గంటల నుంచి 27 గంటల దాకా ఉంటుంది.

1825లో మద్రాసులో అచ్చయిన కాలసంకలిత అనే పుస్తకంలో జాన్ వారెన్ ఒక సంఘటన నమోదు చేశాడు. ఒక తమిళ పంచాంగకర్త నేల మీద గవ్వలు పేర్చుకుంటూ, కంఠస్థం చేసిన పట్టికలతో, కాగితం ముట్టకుండా చంద్రగ్రహణం లెక్క కట్టి చూపించాడు. ఆరంభం నాలుగు నిమిషాల తేడాతో సరిపోయింది. ముగింపు మాత్రం యాభై నిమిషాలకు పైగా తప్పింది. ఈ ఒక్క ముచ్చటలో "మన పెద్దల గొప్పతనం" అనేవాళ్ళకూ, "అంతా మూఢనమ్మకం" అనేవాళ్ళకూ సమాధానం ఉంది. ఆ మనిషి జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి. ఆ యాభై నిమిషాల్ని సరిదిద్దాలి కూడా.

స్వతంత్రం వచ్చాక మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన సంఘం ఈ పనికి పూనుకుంది. సాహా పక్కా హేతువాది, అయినా దేశంలోని పంచాంగాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. 1957 మార్చి 22న జాతీయ క్యాలెండరు అమలులోకి వచ్చింది. పూర్వపద్ధతి వాళ్ళకూ దృక్ పద్ధతి వాళ్ళకూ తగవు మాత్రం ఇంకా తీరలేదు. అందుకే అప్పుడప్పుడు మన పండగలు రెండు రోజులొస్తుంటాయి.

సోమవారమా, మంగళవారమా?

ఈ తగవు 2025 సెప్టెంబరులో ఫ్లాట్ బుష్‌లో మా ఇంటికే వచ్చింది. ఆ నెల 22న, సోమవారం ఉదయం, న్యూజీలాండులో పాక్షిక సూర్యగ్రహణం. ఆక్లాండ్‌లో సూర్యబింబం సగానికి పైగా మరుగయ్యే గ్రహణం. ఇండియాలో అప్పటికి ఆదివారం అర్ధరాత్రి దాటిన వేళ కాబట్టి అక్కడ కనిపించదు. ఆదివారం మహాలయ అమావాస్య. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది.

"ఏరా, మీకక్కడ గ్రహణమటగా? మన పంతులుగారు మనకి లేదన్నారు. మరి మీకు పట్టింపు ఉన్నట్టా లేనట్టా?"

"కనిపించే చోట ఉన్నట్టే కదమ్మా."

"మరి రేపు పాడ్యమి, కలశం పెట్టుకోవాలి. గ్రహణంలో కలశమేమిట్రా?"

అడిగింది డిగ్రీ లేని మనిషి గానీ, ప్రశ్నలో ఖగోళమంతా ఉంది. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది. సోమవారం పొద్దున ఆక్లాండ్‌లో సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతున్నాడంటే, ఇక్కడి సూర్యోదయానికి ఇంకా అమావాస్య వెళ్ళలేదన్నమాట! నేనూ మా అబ్బాయీ ల్యాప్‌టాప్ తెరిచి లెక్క చూశాం. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. ఆ క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. అమావాస్య ముగిసింది భారత కాలమానంలో సోమవారం తెల్లవారుజామున 1 గంట 24 నిమిషాలకు. ఇక్కడ అది సోమవారం ఉదయం 7 గంటల 54 నిమిషాలు. మన సూర్యోదయం ఆరు దాటిన కొద్ది నిమిషాలకు. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి అన్న సూత్రం ప్రకారం తెనాలిలో సోమవారం పాడ్యమి, ఫ్లాట్ బుష్‌లో మంగళవారం పాడ్యమి. ఇండియా క్యాలెండరు గోడకు తగిలించుకున్నవాళ్ళకు నవరాత్రి సోమవారం మొదలైంది. ఇక్కడి ఆకాశం చూసుకున్నవాళ్ళకు మంగళవారం. మేం మంగళవారం కలశం పెట్టాం.

ఈ సంగతి చెబితే స్నేహితుల్లో ఒకరు, "మరీ ఇంత చాదస్తమా?" అన్నారు. ఇంకొకరు, "పంతులుగారికంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు. ఇది చాదస్తమూ కాదు, ధిక్కారమూ కాదు. ఇది శాస్త్రం చెప్పిన సూత్రమే, అక్షాంశ రేఖాంశాలు మాత్రం మనవి వేసుకున్నాం.

అదే వారం మా వీధికి దగ్గర్లోని ఒక తెలుగు కుటుంబంలో ఇంతకంటే బరువైన ప్రశ్న వచ్చింది. కోడలికి ఏడో నెల, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, సోమవారం పొద్దున డ్యూటీ. రాజమండ్రి నుంచి అత్తగారు గది దాటవద్దు, ఏమీ తినవద్దు, మంచినీళ్ళు కూడా ముట్టవద్దు అని ఫోన్ల మీద ఫోన్లు. ఆ అమ్మాయి ఏడుస్తోందని తెలిసింది. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. గ్రహణం వల్ల కడుపులో బిడ్డకు హాని జరుగుతుందనడానికి ఏ ఆధారమూ లేదు. గర్భిణి గంటల తరబడి నీళ్ళు తాగకుండా ఉండటమే మంచిది కాదు. అద్దాలు లేకుండా సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పాడవుతాయి, అది ఎవరికైనా నిజం, గ్రహణం లేని రోజున కూడా నిజం. చివరకు ఆ ఇంటి పెద్దాయనే, "జపం మేం చేస్తాంలే, నువ్వు టిఫిన్ తిని డ్యూటీకి వెళ్ళమ్మా" అన్నారట. డిసెంబరులో పాప పుట్టింది.

మన ఆచారాల్ని ఈ దేశపు ఆకాశం కింద పెట్టి చూస్తే ఇంకా చాలా ప్రశ్నలు లేస్తాయి. సంక్రాంతి నుంచి ఉత్తరాయణం, సూర్యుడు ఉత్తరానికి వెళతాడు అంటాం. అంటే మననుంచి దూరంగా! ఇక్కడ ఆ రోజుల్లో పగలు తగ్గుతూ ఉంటుంది. పిల్లలు అడిగితే గ్లోబు తీసి చూపించండి, పండగ ఎలాగూ చేసుకుంటాం.

ఈ విషయంలో మనకంటే ముందే ఆలోచించినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. 2022 జూన్ 24న న్యూజీలాండు మొదటిసారి మతారికిని జాతీయ సెలవుదినంగా జరుపుకుంది. మతారికి అంటే మన కృత్తికలే. శీతకాలం మధ్యలో తెల్లవారుజామున ఆ నక్షత్రాల గుంపు తూర్పున మళ్ళీ కనిపించడం మావోరీలకు కొత్త సంవత్సరం. తేదీ ఏటా మారుతుంది, ఎందుకంటే అది మరమటక అనే వాళ్ళ చాంద్రమానం మీద ఆధారపడుతుంది. ప్రొఫెసర్ రంగి మాతామువా అధ్యక్షతన నిపుణుల సంఘం లెక్కగట్టి 2052 దాకా తేదీలు ఖాయం చేసింది, పార్లమెంటు వాటిని చట్టంలో పెట్టింది. చనిపోయినవాళ్ళ పేర్లు తలుచుకునే కార్యక్రమం కూడా ఆ తెల్లవారుజామునే. నక్షత్రం, చంద్రుడు, పితృదేవతలు, పార్లమెంటు, అన్నీ ఒకే పట్టికలో. కిందటేడు బడి నుంచి ఆ పట్టిక తెచ్చి మా అబ్బాయి, "నాన్నా, ఇది పంచాంగమే కదా!" అన్నాడు. బిగ్ బ్యాంగ్ ప్రశ్న అలాగే ఉంది గానీ, వాడిప్పుడు చంద్రుడి దారికి కోడు రాస్తున్నాడు.

ఇక ముందున్నది 2028 జూలై 22, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆస్ట్రేలియాలో సిడ్నీ దాటి, సాయంత్రం నాలుగు తరవాత మన దక్షిణ ద్వీపం మీద క్వీన్స్‌టౌన్, డ్యునెడిన్‌ల మీదుగా వెళుతుంది. డ్యునెడిన్‌లో చీకటి దాదాపు మూడు నిమిషాలు ఉంటుంది. ఆక్లాండ్‌లో పాక్షికమే. శీతకాలపు సాయంత్రం కాబట్టి సూర్యుడు వాయవ్యాన బాగా కిందికి ఉంటాడు, కొండలు అడ్డురాని చోటు ముందే చూసుకోవాలి. గ్రహణం అద్దాలు మంచి ప్రమాణం గలవే కొనండి. మేం నాలుగు కుటుంబాలం కలిసి డ్యునెడిన్‌లో గదులు వెతుకుతున్నాం. అమ్మ కూడా వస్తానంది. జూలైలో అక్కడ విడుపు స్నానానికి వేణ్ణీళ్ళు దొరుకుతాయా అని ఇప్పటికి మూడుసార్లు అడిగింది.